ఎండాకాలం రాగానే బ్లడ్ బ్యాంకులు ఎందుకు ఖాళీ అవుతాయి?

ఏప్రిల్ సగానికి వచ్చిందంటే వాట్సాప్‌లో ఈ మెసేజ్‌లు మొదలవుతాయి. "అర్జెంట్, ఓ నెగటివ్ 2 యూనిట్లు కావాలి, పేషెంట్ ఐసీయూలో ఉన్నారు, దయచేసి షేర్ చేయండి." కింద ఫోన్ నంబరుంటుంది కానీ తేదీ ఉండదు. ఆ పేషెంట్ డిశ్చార్జి అయి ఇంటికెళ్లి రెండు నెలలు దాటినా మెసేజ్ మాత్రం గ్రూపులు మారుతూ తిరుగుతూనే ఉంటుంది, పాపం ఆ నంబరాయన ఫోన్ ఎత్తి ఎత్తి చివరికి స్విచాఫ్ చేసుకుంటాడు.

ఎండాకాలంలోనే ఈ కరువు దేనికంటే, కాలేజీలు ఉండవు కాబట్టి. మార్చిలో పరీక్షల టెన్షన్, మే వచ్చేసరికి హాస్టళ్లు ఖాళీ. శిబిరాల్లో పోగయ్యే రక్తంలో చాలా భాగం ఇరవై ఏళ్ల పిల్లలదే, వాళ్లు ఊళ్లకెళ్లిపోతే శిబిరం పెట్టినా వచ్చేవాళ్లుండరు. ఇంత భారం ఆ పిల్లల మీద ఎప్పుడు పడిందో, ఎలా పడిందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. వాళ్ల మంచితనం ఒక్కటే కారణమని నేననుకోను. అంతకుముందు ఒక భయం, ఆ తర్వాత ఒక తీర్పు ఉన్నాయి.

ఒకప్పుడు రక్తం అమ్మేవాళ్లు. ఇది గుసగుసగా చెప్పుకునే సంగతి కూడా కాదు, పెద్దాసుపత్రి గేటు బయట టీ బంకు దగ్గర నిలబడితే మనిషి దొరికేవాడు. రిక్షా తొక్కేవాళ్లు, కూలి దొరకనివాళ్లు, మందుకు అలవాటుపడ్డవాళ్లు చేయి చాపి పడుకుని, డబ్బు తీసుకుని వెళ్లేవాళ్లు. పది రోజులకో పదిహేను రోజులకో మళ్లీ వచ్చి ఇంకో పేరు చెప్పినా అడిగేవాళ్లు లేరు. పేషెంట్ బంధువులకూ అదే బాగుండేది, ఎందుకంటే సొంత తమ్ముడి చేత ఇప్పించాలంటే ఇంట్లో పెద్ద గొడవ. "పిల్లాడికి నీరసం వస్తుంది, పెళ్లి కావాల్సినవాడు" అని అమ్మమ్మ అడ్డం పడేది. డబ్బిస్తే ఆ గొడవే లేదు.

దానంగా ఇవ్వమని అడిగినవాళ్లు అప్పట్లో లేకపోలేదు. ముంబైలో లీలా మూల్గావ్‌కర్ 1954 నుంచే ఆ పని మొదలుపెట్టారు. ఆ తర్వాత ఈ ఉద్యమం కోసం చాలా తిరిగిన డాక్టర్ జె.జి. జాలీ పుట్టినరోజు అక్టోబరు 1నే స్వచ్ఛంద రక్తదాన దినంగా జరుపుకుంటున్నాం. గాంధీ శతజయంతి ఏడాది, 1969 సెప్టెంబరు 24న, 37 యూనివర్సిటీల్లో 40 వేల మంది విద్యార్థులతో కాలేజీ పిల్లల సేవా పథకం ఎన్ఎస్ఎస్ మొదలైంది. కానీ కొనుక్కుంటే దొరికే సరుకును దానంగా ఎవరు అడుగుతారు?

1986లో మద్రాసులో డాక్టర్ సునీతి సాల్మన్, ఆమె దగ్గర పీజీ చేస్తున్న నిర్మల చేసిన పరీక్షల్లో దేశంలో తొలిసారి హెచ్ఐవీ బయటపడింది. నిర్మల అప్పటికి విద్యార్థినే, అదీ గుర్తుపెట్టుకోవాలి. మూడేళ్లకు, 1989లో, రక్తానికి హెచ్ఐవీ పరీక్ష తప్పనిసరి చేశారు. 1990లో కేంద్రం కోసం ఫెర్గూసన్ కంపెనీ తయారుచేసిన నివేదిక చూస్తే గుండె ఝల్లుమంటుంది. దేశంలో 1,018 బ్లడ్ బ్యాంకులుంటే అందులో 616 వాటికి లైసెన్సే లేదు. కామన్ కాజ్ అనే సంస్థ ఆ నివేదిక పట్టుకుని సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1996 జనవరి 4న తీర్పొచ్చింది. లైసెన్సు లేనివి మూసేయాలి, డబ్బు తీసుకుని రక్తమిచ్చే పద్ధతి రెండేళ్లలో పోవాలి అన్నారు. ఆ లెక్కన 1998 జనవరి 1 నుంచి రక్తం అమ్మడం బంద్.

ఇప్పుడు ఆస్పత్రి బిల్లులో కనిపించేది రక్తం ధర కాదు. పరీక్షలకు, నిల్వకు వేసే ఛార్జి అది, ప్రైవేటులో యూనిట్‌కు 1,550 రూపాయల దాకా.

తీర్పు బాగానే ఉంది, మరి గేటు బయట మనిషి లేకపోతే రక్తం ఎక్కణ్నుంచి రావాలి? ఆ ఖాళీలోకే కుర్రాళ్లు వచ్చారు. అదే 1998లో, అక్టోబరు 2న చిరంజీవి ట్రస్టు బ్లడ్ బ్యాంకు పెట్టింది. అప్పటిదాకా కటౌట్లకు పాలు పోసే అభిమానులు చేయి చాపి మంచం మీద పడుకోవడం మొదలుపెట్టారు. దీన్ని చూసి నవ్వేవాళ్లున్నారు, నేనూ ఒకప్పుడు నవ్విన బాపతే. కానీ ఒక తరం మధ్యతరగతి ఇళ్లలో "రక్తమిస్తే నీరసం" అనే మాటను కదిలించింది డాక్టర్ల ఉపన్యాసాల కంటే ఈ ఫ్యాన్స్ అసోసియేషన్లే అని ఇప్పుడనిపిస్తోంది. మన హీరో పుట్టినరోజు, నువ్వివ్వలేదంటే పరువేం కావాలి? మిగతా హీరోల ఫ్యాన్సూ ఊరుకోలేదు, పోటీ పెరిగింది. రాజకీయ పార్టీల యూత్ వింగులూ అందుకున్నాయి. కాలేజీల్లో ఎన్ఎస్ఎస్ యూనిట్లూ, హెచ్ఐవీ గురించి చెప్పే రెడ్ రిబ్బన్ క్లబ్బులూ ఉండనే ఉన్నాయి.

కాలేజీ శిబిరం ఎలా ఉంటుందో చూడనివాళ్ల కోసం. సెమినార్ హాల్లో బెంచీలు పక్కకు నెట్టి ఆరేడు మడత మంచాలు వేస్తారు. ముందు వేలి మీద చిన్న పోటు. ఆ చుక్కను నీలం రంగు మైలుతుత్తం నీళ్లలో వేస్తారు, మునిగితే మీరు పాస్. తేలితే హిమోగ్లోబిన్ 12.5 లేనట్టే, వెనక్కి వెళ్లాల్సిందే. వరసలో సగం మంది అమ్మాయిలే ఉన్నా మంచం దాకా వచ్చేసరికి అబ్బాయిలే ఎక్కువ కనిపిస్తారు, చాలామంది అమ్మాయిల చుక్క తేలిపోతుంది మరి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 విడతలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. ఇవ్వాలని స్నేహితురాళ్లను వెంటేసుకుని వచ్చిన పిల్ల, చుక్క తేలిందని చెప్పగానే ఏం మాట్లాడకుండా వేలి మీది దూది నొక్కుకుంటూ పక్కకు జరిగిపోవడం నేను చూశాను. ఈ మధ్య ఇంకో బ్యాచ్ కూడా వెనక్కి వెళ్తోంది. పచ్చబొట్టు కొత్తగా వేయించుకున్నవాళ్లు ఏడాది ఆగాలి.

పాసైనవాళ్ల చేతిలో మెత్తటి బంతి పెట్టి పిసకమంటారు. పక్కన చిన్న ఊయలలాంటి మెషీన్ మీద బ్యాగు అటూ ఇటూ ఊగుతూ నిండుతుంది, 350 మిల్లీలీటర్లకు పదినిమిషాలు కూడా పట్టదు. తర్వాత జ్యూస్, బిస్కెట్ ప్యాకెట్, సర్టిఫికెట్, ఫొటో. ఫొటోలో శిబిరం ప్రారంభించిన పెద్దమనిషి బాగా పడతాడు, రక్తమిచ్చినవాడి చేయి మాత్రమే పడుతుంది.

ఇంతవరకూ బాగానే ఉన్నా చిక్కంతా ఇక్కడే ఉంది. రక్తం దాచుకునే సరుకు కాదు. ఎర్ర కణాలు ఫ్రిజ్‌లో 35 నుంచి 42 రోజులుంటాయి, రక్తం గడ్డకట్టడానికి సాయపడే ప్లేట్‌లెట్లు ఐదు రోజులే. పండక్కి చేసిన బూందీలాగా ఒక్కరోజే మూడు వందల యూనిట్లు తీస్తే ఆ వారం బ్లడ్ బ్యాంకులో పెట్టడానికి చోటుండదు, రెండు నెలలు పోయాక చూస్తే ఒక్క బ్యాగూ ఉండదు. వర్షాలు పడి డెంగీ మొదలైనప్పుడు ప్లేట్‌లెట్ల కోసం పరుగులు పెట్టేది అందుకే. పుట్టుకతోనే ఒంట్లో రక్తం సరిగా తయారుకాని తలసీమియా పిల్లలదైతే ఇంకా కష్టం, వాళ్లకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి ఎక్కించాలి, బతికినన్నాళ్లూ. హైదరాబాద్‌లో డాక్టర్లూ ఆ పిల్లల తల్లిదండ్రులూ కలిసి తలసీమియా సొసైటీ పెట్టుకున్నదీ 1998లోనే. ఆ పిల్లలకు కాలేజీ సెలవులతో పనేముంది?

రక్తం తక్కువైనప్పుడల్లా పాత పద్ధతే కొత్త పేరుతో లోపలికొస్తుంది. దాన్ని రీప్లేస్‌మెంట్ అంటారు. "మీవాళ్లను ఇద్దరిని తెండి, అప్పుడిస్తాం" అని కౌంటర్ దగ్గర చెప్తారు. ఊరుగాని ఊరొచ్చిన అటెండెంట్‌కు ఇద్దరు ఎక్కడ దొరుకుతారు? కొన్నేళ్ల కిందట మా బంధువుల ఆపరేషన్‌కు ఒక ఆస్పత్రిలో నాకూ ఇదే ఎదురైంది. మెట్ల మీద కూర్చుని ఫోన్లు చేసుకుంటుంటే ఒకతను పక్కకొచ్చి కూర్చుని "అన్నా, బ్లడ్‌కా? కజిన్ అని రాయిద్దాం, రెండు వేలిస్తే చాలు" అన్నాడు. గేటు బయట మనిషి గేటు లోపలికొచ్చాడు, అంతే తేడా. ఆ రోజు నన్ను గట్టెక్కించింది డిప్లొమా చదివే ఇద్దరు కుర్రాళ్లు. రక్తదాతల లిస్టు రాసుకుని పెట్టుకునే ఒక గ్రూపు పంపితే బైకు మీద వచ్చారు. పెట్రోలు డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు, టీ మాత్రం తాగారు.

ఇలాంటి చిన్న గ్రూపులు ఇప్పుడు చాలా ఊళ్లలో ఉన్నాయి. వీళ్లు శిబిరాలు పెద్దగా పెట్టరు. ఎవరు చివరిసారి ఎప్పుడిచ్చారో రాసుకుంటారు, మగవాళ్లకు 90 రోజులు, ఆడవాళ్లకు 120 రోజులు దాటాయో లేదో చూసి, కావాల్సినప్పుడు ఒక్కరికే ఫోన్ చేస్తారు. బ్యానరూ ఫొటోలూ ఉండవు కాబట్టి వీళ్ల సంగతి బయటికి పెద్దగా రాదు.

బ్లడ్ బ్యాంకులవాళ్లు మాత్రం ఇప్పటికీ సినిమా క్యాలెండరే చూసుకుంటారని నా అనుమానం. చిరంజీవిది ఆగస్టు 22, ఆ రోజు తీసిన ఎర్ర కణాలు ఎంత లాగినా అక్టోబరు 3 వరకే. మండుటెండల్లో వాళ్లకు కాస్త ఊపిరాడేది మే 20న జూనియర్ ఎన్టీఆర్ పుట్టినరోజు, మే 28న పెద్దాయన జయంతి ఉండబట్టే. ఏప్రిల్‌లో అల్లు అర్జున్‌ది 8వ తేదీన అయిపోతే, ఆ తర్వాత మే 20 దాకా ఎలా నెట్టుకొస్తారో వాళ్లనే అడగాలి.