కాలరు దగ్గర ఒక ఫిల్టర్

అణు విద్యుత్ కేంద్రంలో రియాక్టర్ నడుస్తున్నన్నాళ్లూ జనం తిరిగే గదుల్లో గాలి మామూలుగా శుభ్రంగానే ఉంటుంది. చిక్కంతా మరమ్మతులకు రియాక్టర్‌ను ఆపే షట్‌డౌన్ రోజుల్లోనే. పైపులు కోస్తారు, గ్రైండింగ్, వెల్డింగ్ చేస్తారు, కాంక్రీటుకు బెజ్జాలు వేస్తారు. అప్పుడు లేచిన దుమ్ములో ఏముందో ఛాతీ మీది రేడియేషన్ బ్యాడ్జీ చెప్పలేదు. కొన్ని రేడియోధార్మిక పదార్థాలు వెలువరించే ఆల్ఫా కణం గాలిలో కొన్ని సెంటీమీటర్లకు మించి పోదు, చర్మం పైపొరే దాన్ని ఆపేస్తుంది. కానీ ఆల్ఫాను వెలువరించే రేణువు ఊపిరితిత్తుల్లోకి చేరితే చుట్టూ ఉన్న జీవకణాలకు నేరుగా దెబ్బ తగులుతుంది.

కాబట్టి గాలినే పట్టి చూడాలి. గోడ దగ్గరి యంత్రం గదిలో గాలిని కొలుస్తుంది. గ్రైండర్ మీదికి వంగిన మనిషి పీల్చేది వేరే గాలి. అందుకే అతని నడుముకు చిన్న పంపు కట్టి, గొట్టం చివర ఉన్న ఫిల్టర్‌ను ముక్కుకు 30 సెంటీమీటర్ల లోపు, కాలరుకు తగిలిస్తారు. నిమిషానికి 2 లీటర్ల చొప్పున 8 గంటల్లో పంపు 960 లీటర్లు లాగుతుంది. ఆ షిఫ్టులో తేలికపాటి పని చేసే మనిషి పీల్చేది దానికి దాదాపు పదింతలు.

తీసిన ఫిల్టర్‌ను వెంటనే ఆల్ఫా కౌంటర్‌లో పెడితే ఒక్కోసారి టెన్షన్ పుట్టించే అంకె వస్తుంది. చాలాసార్లు అది నేలలోంచి, కాంక్రీటులోంచి వచ్చే రాడాన్ అనే రేడియోధార్మిక వాయువు పని. రాడాన్ నుంచి పుట్టే సీసం-214 అర్ధాయువు (సగం క్షీణించడానికి పట్టే కాలం) 27 నిమిషాలు, బిస్మత్-214ది 20 నిమిషాలు. కొన్ని గంటల్లో వాటి లెక్క పడిపోతుంది. రాడాన్‌లోనే మరో రకమైన థోరాన్ నుంచి వచ్చే సీసం-212ది మాత్రం 10.6 గంటలు, అందుకని రోజుల తరబడి ఆగాలి. అప్పటికీ అంకె తగ్గకపోతే 24,000 ఏళ్ల అర్ధాయువున్న ప్లుటోనియం-239 లాంటివాటిని అనుమానించాలి.

నాకు ఇంతకంటే దిగులు వెల్డింగ్ పొగ గురించి. స్టెయిన్‌లెస్ స్టీలును వెల్డింగ్ చేస్తే ఆరు వేలెన్సీ క్రోమియం, నికెల్ ఉన్న పొగ వస్తుంది. అందులో చాలా రేణువులు ఒక మైక్రాన్ కంటే చిన్నవి, ఊపిరితిత్తుల అడుగు దాకా పోగలవు. 2017లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ వెల్డింగ్ పొగను మనిషికి క్యాన్సర్ తెచ్చేవాటిలో చేర్చింది. రేడియేషన్ కౌంటర్‌కు ఈ పొగ కనిపించదు. ఫిల్టర్‌ను రసాయన ల్యాబ్‌కు పంపాల్సిందే. షట్‌డౌన్‌కు కాంట్రాక్టు మీద వచ్చే వెల్డర్లకు ఈ పరీక్ష కూడా తప్పకుండా జరగాలి. అదీ ఫిల్టర్‌ను వెల్డింగ్ హెల్మెట్ లోపల పెట్టి. బయట పెడితే వచ్చే అంకె అతను పీల్చిన గాలిది కాదు.