గాయంలో వేసే ఇంజక్షన్

మూడేళ్ల పిల్లాడి మొహం, వీధికుక్క నోరు ఇంచుమించు ఒకే ఎత్తులో ఉంటాయి. పెద్దవాళ్లను కుక్క కరిస్తే ఎక్కువగా పిక్కే దొరుకుతుంది. చిన్నపిల్లలకైతే బుగ్గ, పెదవి, మెడ. రేబిస్ విషయంలో ఈ తేడా చిన్నది కాదు. ఆ వైరస్ కాటు పడ్డచోట కండలో కొన్నాళ్లుండి, అక్కడి నరం కొసను పట్టుకుని మెదడువైపు పాకుతుంది. మామూలుగా లక్షణాలు బయటపడటానికి రెండు మూడు నెలలు పడుతుంది. మొహం మీద కాటయితే దారి పొట్టిది కాబట్టి ఆ గడువు వారాల్లోకి తగ్గిపోవచ్చు. బయటపడ్డాక వైద్యం దాదాపు లేనట్టే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం రేబిస్‌తో చనిపోయేవాళ్లలో సుమారు 40 శాతం 15 ఏళ్లలోపు పిల్లలే.

బెంగళూరులో, మారతహళ్లిలోనో కేఆర్ పురంలోనో, అపార్ట్‌మెంట్ గేటు దగ్గర పిల్లాణ్ని కుక్క కరిస్తే చుట్టూ చేరినవాళ్లు అడిగేవి రెండే: "ఏ కుక్క?", "ఇంజక్షన్లెన్ని?" వాటికి ఆ తర్వాత తీరుబడి ఉంటుంది. ముందు పిల్లాణ్ని కుళాయి దగ్గరికి తీసుకెళ్లాలి. రేబిస్ వైరస్ చుట్టూ కొవ్వు పొర ఉంటుంది. జిడ్డు మూకుడు మీద పనిచేసినట్టే సబ్బు దాని మీదా పనిచేస్తుంది. పొర చెదిరితే వైరస్ ఎందుకూ పనికిరాదు. అందుకే సబ్బుతో, ధారగా పడే నీళ్ల కింద, 15 నిమిషాలు కడగమంటారు. ఏడుస్తున్న పిల్లాడి బుగ్గను పావుగంట కడగడం రాసినంత తేలికేం కాదు. ఒకరు ఒళ్లో పట్టుకోవాలి, ఇంకొకరు మగ్గుతో పోస్తూ ఉండాలి. తర్వాత పొవిడోన్ అయోడిన్ రాయాలి. అనంతపురం నుంచో కడప నుంచో వచ్చిన అమ్మమ్మ కారమో సున్నమో కాఫీపొడో తెస్తే మాత్రం మర్యాదగా ఆపాలి. అవి వైరస్‌ను చంపవు సరికదా, గాయాన్ని మండించి పాడుచేస్తాయి.

ఇప్పుడు అసలు విషయం. వ్యాక్సిన్ వేసిన రోజే రక్షణ వచ్చేయదు. దాన్ని చూసి ఒంట్లో సరిపడా యాంటీబాడీలు తయారవడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. ఆలోపు గాయంలో ఉన్న వైరస్‌ను ఎవరు ఆపాలి? అందుకోసం ముందే తయారై ఉన్న యాంటీబాడీలను బయటినుంచి ఇస్తారు. అదే ఇమ్యునోగ్లోబులిన్, వాడుకలో సీరం. చర్మం చీరుకుని రక్తం వచ్చిన ప్రతి కాటుకూ ఇది కావాలి. దీన్ని భుజానికి వేస్తే లాభం తక్కువ. గాయం లోపల, చుట్టూ గుచ్చి నింపాలి. పిల్లాడి పెదవిలో సూది దింపుతుంటే చూడటం ఏ తల్లికైనా కష్టమే. చాలా ఇళ్లలో "పోనీలెండి, వ్యాక్సిన్ వేశారుగా" అనేది ఇక్కడే. నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో అతి ప్రమాదకరమైన మాట అదే.

డోసు లెక్కలో ఒక చిత్రం ఉంది. వ్యాక్సిన్ పసివాడికైనా పహిల్వానుకైనా ఒకే మోతాదు. కాకపోతే మరీ చిన్నపిల్లలకు తొడకు వేస్తారు, పిరుదుకు ఎవరికీ వేయకూడదు. సీరం అలా కాదు, బరువును బట్టి ఇస్తారు. మనిషి రక్తం నుంచి తీసినదైతే కిలోకు 20 యూనిట్లు, గుర్రం నుంచి తీసినదైతే 40. అది దాటితే వ్యాక్సిన్ చేసే పనికే అడ్డు తగులుతుంది. పది కిలోల పాపకు వచ్చేది ఒక మిల్లీలీటరు చిల్లర. నాలుగైదు చోట్ల కాట్లుంటే అది చాలదు, అప్పుడు సెలైన్ కలిపి పలచన చేసి అన్ని గాయాలకూ సర్దుతారు. ఒక్క గీరు కూడా వదలకూడదు. కుట్లు కూడా వీలైనంతవరకు వేయరు. తప్పదనుకుంటే సీరం పడ్డాకే.

చిన్న క్లినిక్కుల్లో వ్యాక్సిన్ ఉంటుంది గానీ సీరం ఉండకపోవచ్చు. మొదటి రోజు దొరక్కపోతే వ్యాక్సిన్ మొదలుపెట్టేసి, విక్టోరియా, కేసీ జనరల్ లాంటి పెద్ద సర్కారు ఆసుపత్రుల్లో వాకబు చేయాలి. మొదటి వ్యాక్సిన్ వేసిన 7 రోజుల లోపే సీరానికి సమయం. తర్వాత ఒంట్లో సొంత యాంటీబాడీలు మొదలవుతాయి.

"ముందు టెస్ట్ చేయిద్దాం" అనేవాళ్లూ ఉంటారు. రేబిస్ పరీక్షలకు దేశమంతా పేరున్న ల్యాబు ఈ ఊళ్లోనే, నిమ్హాన్స్‌లో ఉంది. కానీ కాటు తర్వాత, లక్షణాలు రాకముందు, వైరస్ ఒంట్లోకి వెళ్లిందో లేదో చెప్పే పరీక్ష లేదు. కుక్కను 10 రోజులు గమనించడం మాత్రం ఉపయోగమే. లాలాజలంలో వైరస్ ఉన్న కుక్క ఆలోపే జబ్బుపడి చనిపోతుంది. అది ఆరోగ్యంగా తిరుగుతుంటే కోర్సు తగ్గించవచ్చో లేదో డాక్టరు చెబుతారు. అంతేగానీ పదో రోజు దాకా చూసి మొదలుపెడదామంటే కుదరదు.

బొడ్డు చుట్టూ 14 ఇంజక్షన్లని భయపడే పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. గొర్రె మెదడు నుంచి తయారుచేసిన ఆ పాత టీకా మన దేశంలో 2005 నాటికే పోయింది. ఇప్పుడు కండకైతే 0, 3, 7, 14, 28 రోజుల్లో, చర్మంలోకైతే 0, 3, 7, 28 రోజుల్లో వేస్తారు. సున్నా అంటే కరిచిన రోజు కాదు, మొదటి డోసు పడ్డ రోజు. మధ్యలో సంక్రాంతికి ఊరెళ్లాల్సి వస్తే చీటీ వెంట పెట్టుకుని అక్కడి ఆసుపత్రిలో వేయించుకోవచ్చు. ఒక డోసు రెండు రోజులు ఆలస్యమైనా మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టరు, ఆగినచోటి నుంచే కొనసాగిస్తారు.