‘ఎ లాట్ ఆఫ్’ అంటే ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు)? ఇంగ్లీషు మెయిళ్లలో లెక్కల అపోహలు

అపోహ: ‘ఎ లాట్ ఆఫ్’ తప్పు ఇంగ్లీషు.

వాస్తవం: తప్పేమీ లేదు. లెక్కపెట్టగలిగేవాటికీ, పెట్టలేనివాటికీ చెల్లుతుంది. క్రియ మాత్రం వెనకొచ్చే నామవాచకాన్ని బట్టి మారాలి: ‘ఎ లాట్ ఆఫ్ బ్యాగ్స్ ఆర్’, ‘ఎ లాట్ ఆఫ్ రైస్ ఈజ్’. (‘అలాట్’ అని కలిపి రాస్తే మాత్రం తప్పే.) చిక్కల్లా అది నోటిమాట కావడం. గుంటూరు నుంచి విదేశీ బయ్యర్‌కి ‘వి హ్యావ్ ఎ లాట్ ఆఫ్ తేజ’ (తేజ ఒక మిర్చి రకం) అని రాస్తే, ‘ఎంత?’ అంటూ ఇంకో మెయిల్ వస్తుంది. పైగా సరుకు వ్యాపారంలో ‘లాట్’కి వేరే అర్థం (ఒకేసారి అమ్మే సరుకు మొత్తం) ఉండనే ఉంది. అంకె, కొలత, బస్తా బరువు రాసేయండి: ‘20 మెట్రిక్ టన్స్, ప్యాక్డ్ ఇన్ 25 కేజీ బ్యాగ్స్’.

అపోహ: టన్ను ఎక్కడైనా టన్నే.

వాస్తవం: మాటల్లో ‘టన్స్ ఆఫ్’ అంటే బోలెడు, అంతే. బేరంలో అలా కుదరదు. మెట్రిక్ టన్ను 1,000 కిలోలు, అమెరికా షార్ట్ టన్ను సుమారు 907, పాత బ్రిటిష్ లాంగ్ టన్ను సుమారు 1,016. ఉత్త ‘20 టన్స్’ అని రాస్తే, అమెరికా లెక్కకూ మన లెక్కకూ 1,850 కిలోలకు పైనే తేడా. మన మిర్చి యార్డు లెక్కలో 40 టిక్కీల పైమాటే. అన్నట్టు టిక్కీలు, లక్షలు బయటి దేశాలకు అర్థం కావు. 1,00,000 బదులు 100,000 అని కామా మార్చండి.

అపోహ: ‘ఫ్యూ’ అన్నా ‘ఎ ఫ్యూ’ అన్నా ఒకటే.

వాస్తవం: ‘ఫ్యూ బయ్యర్స్ కంప్లెయిన్డ్’ అంటే ఫిర్యాదులు దాదాపు లేవని. ముందు ‘ఎ’ చేరిస్తే కొందరు చేశారని. ‘లిటిల్’, ‘ఎ లిటిల్’ కూడా ఇంతే.

అపోహ: ‘ఎ లాట్ ఆఫ్’ కొట్టేసి ‘మచ్’ పెడితే ఫార్మల్ అయిపోతుంది.

వాస్తవం: ‘వి హ్యావ్ మచ్ స్టాక్’ చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. ‘మచ్’కి ప్రశ్నలు, ‘నాట్’ ఉన్న వాక్యాలే సహజమైన చోటు. మామూలు వాక్యంలో ‘ఎ లార్జ్ క్వాంటిటీ ఆఫ్’ నయం. బస్తాల ముందు ‘అమౌంట్’ వద్దు, ‘నంబర్’ రాయండి.

అపోహ: ‘కపుల్ ఆఫ్ డేస్’ అంటే సరిగ్గా రెండు రోజులు.

వాస్తవం: మూడు రోజులైనా అలాగే అంటారు. తేదీ వేయండి.

అపోహ: ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లీషు పరీక్షలో ‘లాట్స్ ఆఫ్’ ఎక్కడ రాసినా మార్కులు పోతాయి.

వాస్తవం: అకడమిక్ రకం పరీక్షలో గ్రాఫును వివరించే టాస్క్ 1లో, గ్రాఫు మీద అంకెలుండగా అలా రాయడం దండగ. జనరల్ ట్రైనింగ్ రకం పరీక్షలో స్నేహితుడికి రాసే ఉత్తరంలో మాత్రం అదే సరైన మాట. అక్కడ ‘ఎ సబ్‌స్టాన్షియల్ నంబర్ ఆఫ్ ఫ్రెండ్స్’ అని రాస్తేనే అతకదు.