లారీ డిఫరెన్షియల్‌లో బేరింగు ఎందుకంత టైటు?

లారీ వెనక ఇరుసు మధ్య ఉండే డిఫరెన్షియల్ (ఇంజను శక్తిని రెండు చక్రాలకీ పంచే గేర్ల పెట్టె) హౌసింగు విప్పి, అందులోని పెద్ద పళ్ల చక్రం క్రౌనునీ, దాన్ని తిప్పే చిన్న పళ్ల చక్రం పినియన్‌నీ మార్చేటప్పుడు మెకానిక్కుకి బాగా ఓర్పు కావలసిన పని, పినియన్ షాఫ్టు మీదికి కొత్త బేరింగు ఎక్కించడం. చేత్తో తోస్తే మొదట్లోనే ఆగిపోతుంది. సైజు తప్పు తెచ్చామా అన్న అనుమానం వస్తుంది. సైజు సరైనదే. బేరింగు రంధ్రాన్ని షాఫ్టు కంటే కావాలనే కాస్త చిన్నదిగా చేస్తారు. 60 మిల్లీమీటర్ల షాఫ్టుకి ఆ తేడా మామూలుగా 10 నుంచి 45 మైక్రాన్ల దాకా ఉంటుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. తలవెంట్రుక మందమే 70 మైక్రాన్లు అటూ ఇటూగా ఉంటుంది.

ఇక్కడ వాడేవి టేపర్ రోలర్ బేరింగులు. లోపలి రింగునీ దాని చుట్టూ ఏటవాలుగా కూర్చున్న రోలర్లనీ కలిపి కోన్ అంటారు, హౌసింగులో కూర్చునే బయటి రింగుని కప్పు అంటారు. అమెరికాలో బగ్గీలు తయారుచేసే హెన్రీ టిమ్‌కెన్ 1898లో ఈ రకం బేరింగుకి పేటెంటు తీసుకున్నాడు. బండి బరువునీ, మలుపులో పక్కకి నెట్టే ఒత్తిడినీ ఒకే బేరింగు మోయాలన్నది ఆయన ఆలోచన. పినియన్‌కి కావలసిందీ అదే. దాని పళ్లు వంకరగా ఉంటాయి కాబట్టి లోడు పడగానే అది పక్కకీ నెడుతుంది, పొడవునా నెడుతుంది.

మరి కోన్ అంత బిగువుగా ఎందుకు ఉండాలి? లూజుగా ఉంటే ఏమవుతుందో లెక్క వేసి చూద్దాం. షాఫ్టుకీ రింగుకీ మధ్య 20 మైక్రాన్ల సందు ఉందనుకోండి. షాఫ్టు తిరుగుతుంటుంది, పళ్ల ఒత్తిడి మాత్రం ఎప్పుడూ ఒకే దిక్కు నుంచి పడుతుంది. రింగు చుట్టుకొలత షాఫ్టు చుట్టుకొలత కంటే 63 మైక్రాన్లు ఎక్కువ కాబట్టి, షాఫ్టు ఒక చుట్టు తిరిగేసరికి రింగు అంత మేర వెనకబడుతుంది. లారీ 60 కిలోమీటర్ల వేగంతో పోతుంటే పినియన్ నిమిషానికి సుమారు 1800 చుట్లు తిరుగుతుంది. అంటే నిమిషానికి 11 సెంటీమీటర్ల పైన, గంటకి దాదాపు 7 మీటర్లు రింగు షాఫ్టు మీద పాకుతుంది. ఆ రాపిడికి షాఫ్టు అరిగి సందు పెరుగుతుంది, సందు పెరిగిన కొద్దీ పాకడమూ పెరుగుతుంది. షాఫ్టు మీద ఎర్రటి పొడి కనిపించిందంటే ఈ కథ మొదలైందన్నమాటే.

అందుకే బిగువు. ఆ బిగువుని సుత్తితో గెలవాలని చూస్తే నష్టం. దెబ్బ రోలర్ల మీదుగా పోయిందంటే, రోలరు నడిచే నున్నటి దారి మీద సొట్టలు పడతాయి. కంటికి ఆనని ఆ సొట్టే తర్వాత రోదగా వినిపిస్తుంది.

తెలిసిన మెకానిక్కులు బేరింగుని వేడి చేస్తారు. రింగు వేడెక్కితే లోహం లోపలికి కూడా ఉబ్బి రంధ్రం చిన్నదవుతుందని చాలామంది అనుకుంటారు. కాదు, రంధ్రం కూడా పెద్దదవుతుంది. కమ్మరి ఇనుప పట్టాని ఎర్రగా కాల్చి ఎద్దుబండి చక్రానికి తొడిగి నీళ్లు పోసేది ఈ ధర్మం మీదే. ఒక మీటరు ఉక్కు ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 12 మైక్రాన్లు పెరుగుతుంది. 30 డిగ్రీల్లో ఉన్న బేరింగుని 110కి తీసుకెళితే, 60 మిల్లీమీటర్ల రంధ్రం 58 మైక్రాన్లు పెరుగుతుంది. 45 మైక్రాన్ల బిగువు కూడా మాయమై, కోన్ తన బరువుకే కిందికి జారుతుంది.

120 డిగ్రీలు దాటనివ్వకూడదు. అంతకు మించితే ఉక్కు గట్టిదనం తగ్గడం, కొలతలు మారడం మొదలవుతాయి. గ్యాస్ టార్చి మంటకి ఎంత వేడెక్కిందో తెలియదు, అదీ ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ. రింగు మీద నీలి రంగు తేలిందంటే 300 డిగ్రీల దగ్గరికి వెళ్లినట్టే, ఆ బేరింగుని పక్కన పడేయాలి. కరెంటు, అయస్కాంత శక్తితో రింగుని సమంగా వేడి చేసే ఇండక్షన్ హీటరు ఉంటే అన్నిటికంటే మేలు. లేకపోతే నూనెలో కాచవచ్చు, కానీ బేరింగు గిన్నె అడుగుకి తగలకుండా వేలాడదీయాలి.

అసలు జాగ్రత్త ఆ తర్వాత కావాలి. షోల్డరుకి (షాఫ్టు మీద కోన్ ఆనే మెట్టు) ఆనించిన వేడి కోన్ చల్లబడేటప్పుడు రంధ్రంతో పాటు దాని వెడల్పు కూడా తగ్గుతుంది. 30 మిల్లీమీటర్ల వెడల్పు 29 మైక్రాన్లు తగ్గుతుంది. ఈలోగా రంధ్రం షాఫ్టుని పట్టేస్తే రింగు వెనక్కి జరగలేదు, షోల్డరు దగ్గర సన్నని సందు మిగిలిపోతుంది. షిమ్ములు (పలుచని రేకులు) వేసి, నట్టు బిగించి, స్ప్రింగ్ త్రాసుతో లాగి ప్రీలోడు, అంటే బేరింగులకి ముందే ఇచ్చే బిగువు, సరిచూసుకున్నా, లోడు పడ్డ రోజున కోన్ ఆ సందులోకి జరుగుతుంది. ప్రీలోడు పోతుంది, క్రౌను మీద పళ్లు ఆనే చోటు మారుతుంది. కాబట్టి చల్లబడేదాకా కోన్‌ని షోల్డరుకి నొక్కి పట్టి ఉంచాలి. తర్వాత సన్నని ఫీలర్ గేజి (సందు కొలిచే పలుచని రేకు) దూరుతుందేమో చుట్టూ చూడాలి.

కప్పు సంగతికి వస్తే లెక్క తిరగబడుతుంది. అది హౌసింగులోకి దిగాలి కాబట్టి చిన్నదవ్వాలి, డ్రై ఐస్‌లోనో ఫ్రీజర్‌లోనో పెట్టి చల్లబరుస్తారు. బయటికి తీయగానే దాని మీద చెమ్మ పడుతుంది. తుడిచి నూనె రాయకపోతే తుప్పు పడుతుంది.

పాత కప్పు ఊడనని మొండికేస్తే, రోలర్లు నడిచిన దారి మీద చుట్టూ ఒక వెల్డింగు గీత లాగుతారు. వేడికి ఉబ్బాలని చూసిన లోహాన్ని చుట్టూ ఉన్న హౌసింగు ఉబ్బనివ్వదు. చల్లారేటప్పుడు మాత్రం కుంచించుకోవడానికి అడ్డేమీ లేదు. కప్పు మొత్తం ముడుచుకుని చాలాసార్లు చేతికే వచ్చేస్తుంది. వెల్డింగు కరెంటు తిరిగి వెళ్లే ఎర్త్ క్లాంపుని మాత్రం ఆ కప్పుకే తగిలించాలి. కరెంటు వేరే మంచి బేరింగు గుండా పోతే దాని రోలర్ల మీద గుంటలు పడతాయి.