పొందూరు తెలుపు, ల్యాప్‌టాప్ తెలుపు

పొందూరు ఖద్దరుకి అద్దకం లేకపోయినా తనదంటూ ఒక రంగుంది. వాలుగ చేప దవడతో పత్తి దువ్వి, చేత్తో వడికి నేసిన ఆ బట్టని పగటి వెలుగులో పట్టి చూడండి. తెలుపులో సన్నగా మీగడ ఛాయ కనిపిస్తుంది. శ్రీకాకుళంలో కూర్చుని అలాంటి చీరల్ని ఫొటో తీసి ఆన్‌లైన్లో అమ్మేవాళ్లకి ఆ ఛాయే ప్రాణం. అదే ఫొటో ల్యాప్‌టాప్‌లో తెరిస్తే నీలిమందు పెట్టి ఉతికినట్టు కనిపించవచ్చు. వెంటనే కెమెరాని అనుమానించి ఫొటోలో పసుపు పెంచేస్తాం. తేడా తెరలో ఉంటే, బాగున్న ఫొటోని మనమే పాడుచేసినట్టు.

చాలా ల్యాప్‌టాప్ తెరల వెనక వెలిగేది నిజానికి నీలం ఎల్ఈడీ. దానిమీది ఫాస్ఫర్ పూత ఆ నీలంలో కొంత భాగాన్ని పసుపు వెలుగుగా మారుస్తుంది. రెండూ కలిస్తే మన కంటికి తెలుపు. పూతలో కాస్త తేడా వచ్చినా తెలుపు మారిపోతుంది. 1996లో హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ ప్రతిపాదించిన ఎస్ఆర్‌జీబీ అనే తెర రంగుల ప్రమాణం ప్రకారం తెర తెలుపు సుమారు 6500 కెల్విన్ (వెలుగు ఛాయని చెప్పే కొలత) దగ్గర ఉండాలి. ఈ అంకె పెరిగేకొద్దీ తెర నీలంగా కనిపిస్తుంది.

దీన్ని కంటితో సరిచేయడం కష్టం. ఏ తెర ముందు కాసేపు కూర్చున్నా మెదడు దాని తెలుపునే అసలు తెలుపుగా ఒప్పేసుకుంటుంది. అందుకే తెర రంగుని కొలిచే కలరీమీటర్ కావాలి. రాత్రిపూట తెరని పసుపుగా మార్చే నైట్ లైట్ సెట్టింగ్ ఆపి, తెరని ఒక అరగంట వెలగనిచ్చి, మూతని కాస్త వెనక్కి వాల్చి ఈ చిన్న పరికరాన్ని తెరకి ఆనిస్తారు. సాఫ్ట్‌వేర్ ఎరుపు, ఆకుపచ్చ, నీలం, బూడిద రంగు ముక్కల్ని ఒక్కొక్కటిగా చూపిస్తుంది. పంపిన అంకె ఎంతో దానికి తెలుసు, వచ్చిన వెలుగు ఎంతో మీటర్ చెబుతుంది. ఈ రెండింటి మధ్య తేడాల నుంచి దిద్దుబాటు పట్టిక, ఆ తెర రంగుల తీరుని కంప్యూటర్‌కి చెప్పే ప్రొఫైల్ అనే ఫైలు తయారవుతాయి. డిస్‌ప్లేకాల్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ దీనికి చాలు.

ఇక్కడో చిక్కుంది. విడిగా కొన్న మానిటర్లలో చాలావాటికి మూడు రంగుల్నీ వేర్వేరుగా తగ్గించే సెట్టింగ్ ఉంటుంది. ల్యాప్‌టాప్ తెరకి మామూలుగా అది ఉండదు. నీలం తగ్గించాలంటే గ్రాఫిక్స్ కార్డు పూర్తి నీలానికి 255 బదులు, ఉదాహరణకి, 230 పంపాలి. అప్పుడు ఆ రంగుకి ఉన్న 256 మెట్లలో 25 పోతాయి, వెలుగూ కొంత తగ్గుతుంది. ఆకాశం ఫొటోలో నునుపుగా మారాల్సిన రంగు చారలు చారలుగా విడిపోవచ్చు. అందుకే తెలుపు 6500కి దగ్గర్లోనే ఉంటే దాన్ని కదపకుండా, బూడిద ఛాయల్ని దిద్ది ప్రొఫైల్ చేసుకోవడమే మేలని నా అభిప్రాయం.

తెరలో లేని రంగుని ఏ మీటరూ తేలేదు. చవక ల్యాప్‌టాప్‌ల వివరాల్లో '45 శాతం ఎన్‌టీఎస్‌సీ' (పాత టీవీ రంగుల ప్రమాణంలో 45 శాతం) అని కనిపిస్తే, ఎస్ఆర్‌జీబీ రంగుల్లో మూడో వంతుకి పైగా ఆ తెర చూపించలేదని అర్థం. చిక్కటి ఎర్ర అంచు అందులో వెలిసినట్టే ఉంటుంది. బట్టల రంగు చూసి పనిచేసేవాళ్లు మీటర్ కొనేముందు తెర గురించి ఆలోచించాలి.

కొనేవాళ్ల ఫోన్లు రకరకాలుగా చూపిస్తాయి కదా, మనదొక్కటి సరిచేసి ఏం లాభం అంటారు. ఒక ఫోన్ నీలంవైపు జరిగితే ఇంకొకటి పసుపువైపు జరగొచ్చు. మన తెరని నమ్మి పెంచిన పసుపు మాత్రం ఫొటోతోపాటు అందరి ఫోన్లకీ వెళ్తుంది.

ఒకే మోడల్ కదా అని పక్కవాళ్ల ప్రొఫైల్ తెచ్చి పెట్టుకోకండి, ఏ ప్యానెల్ తేడా దానిదే. వెనక దీపం పాతబడుతుంది కాబట్టి కొన్ని నెలలకోసారి మళ్లీ కొలవాలి. తెర మార్పించిన రోజున పాత ప్రొఫైల్ తీసేయండి.