'కల్' అంటే ఏమిటని అడిగిన పిల్లలకు

పిల్లలూ,

అందరికీ ఆశీస్సులు. ఫోనులో వచ్చిన ఒక సందేశాన్ని నాకు పంపి, "ఇది నిజమేనా అమ్మమ్మా?" అని అడిగారు. కాల్క్యులస్ అంటే లాటిన్‌లో చిన్న గులకరాయి. తమిళంలో 'కల్' అంటే రాయి. కాబట్టి రోమన్లు ఆ మాటను మన దక్షిణాది నుంచే పట్టుకుపోయారు. ఇదే కదా అందులో ఉన్నది? కాదని ఒక్క ముక్కలో చెప్పేయవచ్చు. కానీ మీరు అడిగినది మంచి ప్రశ్న. ఎందుకు కాదో, అవునో కాదో ఎలా తేల్చుకోవాలో చెప్పకుండా వదిలేయడం నాకు ఇష్టం లేదు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. పొడవుగానే ఉంటుంది, ఓపికగా చదవండి.

ముందు మన తెలుగు సంగతి చూద్దాం. కల్లు అనగానే మీకు తాటిచెట్టూ ఈతచెట్టూ గుర్తొస్తాయి. రాయిని మనం రాయి అనే అంటాం. అయినా రాయి అనే అర్థంలో కల్లు మన భాషలోంచి పోలేదు. ఒంటరిగా కనిపించదు, మరో మాటను ఆనుకుని ఉంటుంది. గాలివానలో పడేవి వడగళ్ళు, ఒక్కటైతే వడగల్లు. పెళ్ళిలో వధువు చేత తొక్కించేది సన్నికల్లు. బంగారాన్ని గీసి చూసేది ఒరగల్లు. పోరులో ప్రాణం విడిచిన వీరుడి పేర నిలిపే రాయి వీరగల్లు. కాకతీయుల రాజధాని ఓరుగల్లు. దాన్నే సంస్కృతంలో ఏకశిలానగరం అన్నారు, ఒకే రాయి ఉన్న నగరమని. ఇప్పుడు వరంగల్ అని రాస్తున్నా చివర ఆ 'గల్' అలాగే ఉంది. కావేరి మీది హొగెనక్కల్ జలపాతం పేరు విన్నారు కదా? కన్నడంలో హొగె అంటే పొగ, కల్లు అంటే రాయి. బండల మీద నీళ్ళు పడి లేచే తుంపర పొగలా కమ్ముకుంటుందని ఆ పేరు.

మరి తాగే కల్లు? అది పూర్తిగా వేరే మాట. తమిళంలో రాయి 'కల్', తాగేది 'కళ్'. కన్నడంలో రాయి 'కల్లు', తాగేది 'కళ్ళు'. బెంగళూరులో ఉన్న మీ ఇద్దరికీ ఈ తేడా చెవికి అలవాటై ఉంటుంది. తెలుగులో మాత్రం పాత ళకారం చాలాచోట్ల లకారంగా మారింది. తమిళ 'ముళ్' మనకు ముల్లు అయినట్టే 'కళ్' కల్లు అయింది. అలా రెండు వేర్వేరు మాటలు మన దగ్గరికి వచ్చేసరికి ఒకే రూపంలో కలిసిపోయాయి. మనం 'కళ్ళు' అంటే అది కన్నుకు బహువచనం, మూడో మాట. రాయిని కల్లు అనడం మనవాళ్ళు మానుకున్నది ఈ తికమక వల్లనేమోనని నాకు అనిపిస్తుంది. ఇది నా ఊహ, రుజువైన సంగతి కాదు.

తమిళంలో ఇంకో 'కల్' ఉంది. నేర్చుకో అని దాని అర్థం. చదువును వాళ్ళు 'కల్వి' అనేది అందువల్లే. కన్నడంలో నేర్చుకోవడానికి 'కలి', నేర్పడానికి 'కలిసు'. మన పాత కావ్యాల్లో కఱచు అంటే నేర్చుకోవడం, కఱపు అంటే నేర్పడం. ఇవన్నీ ఒక కుటుంబం. ఆ కుటుంబానికీ రాయికీ ఏ సంబంధమూ లేదు. పూర్వం రాతి మీద చెక్కి చదువుకునేవారు కనుక రెండింటికీ ఒకే మాట అని ఎవరైనా కథ అల్లితే నమ్మకండి. ఒకే భాషలో, ఒకే అక్షరాలతో ఉన్న రెండు మాటలే చుట్టాలు కానప్పుడు, సముద్రాల అవతలి మాటను చుట్టమనాలంటే ఎంత గట్టి రుజువు కావాలో మీరే ఆలోచించండి.

హైదరాబాదు పిల్లలకు 'కల్' అంటే ముందు తట్టేది హిందీ, ఉర్దూ మాట. నిన్నకూ అదే, రేపటికీ అదే. 'కల్ ఆయా థా' అంటే నిన్న వచ్చాడని, 'కల్ ఆయేగా' అంటే రేపు వస్తాడని. ఏ రోజో క్రియ చెబుతుంది. నిన్నకూ రేపటికీ తేడా తెలియని భాష అని దాన్ని ఎగతాళి చేసేవాళ్ళు ఉన్నారు. మీరు ఆ పని చేయకండి. దాని వెనక చక్కని చరిత్ర ఉంది. సంస్కృతంలో 'కల్యం' అంటే వేకువ. అది ప్రాకృతంలో 'కల్ల' అయింది, హిందీలో 'కల్'గా మిగిలింది. మరాఠీలో 'కాల్' అయింది. పుణెలో ఉన్న చిన్నది గమనించే ఉంటుంది, అక్కడ ఆ మాట నిన్నకే, రేపటికి 'ఉద్యా' అంటారు. ఒకే వేకువలోంచి పుట్టిన మాట ఒకచోట రెండు రోజులకూ సరిపోయింది, ఇంకోచోట ఒక్క రోజుకే పరిమితమైంది. కాలం అనే అర్థమున్న సంస్కృతపు 'కాల' మాత్రం వేరు. దీన్నీ దాన్నీ కలపకండి.

నాకు ఎంతో ఇష్టమైన సంగతి ఇప్పుడు చెబుతాను. మన 'రేపు' అనే మాట చూడండి. పాత తెలుగులో రేపు అంటే తెల్లవారే వేళ. రేపకడ అంటే వేకువజాము. తెల్లవారడం అనే అర్థం నుంచే అది మరునాడు అనే అర్థానికి వచ్చింది. జర్మన్ భాషలో 'మోర్గెన్' అంటే ఉదయమూ రేపూ. స్పానిష్‌లో 'మన్యానా' అన్నా ఆ రెండే. కల్, రేపు, మోర్గెన్, మన్యానా. ఒకదాన్లో ఉన్న శబ్దం మరొకదాన్లో లేదు, వాటి పుట్టుకలు వేరు. అయినా అర్థం నడిచిన దారి ఒక్కటే. రాత్రి పడుకునే మనిషికి, ఏ దేశంలోనైనా, ముందున్నది తెల్లవారడమే కదా. శబ్దం కలిసినంత మాత్రాన మాటలు చుట్టాలు కావని ఇందాక చెప్పాను. శబ్దం ఏమాత్రం కలవకపోయినా మనుషుల ఆలోచన ఇంత దగ్గరగా కలుస్తుంది. ఈ రెండో సంగతిని ఎవరూ సందేశాలుగా పంపరెందుకో! నాకైతే మొదటిదానికంటే ఇదే గొప్పగా తోస్తుంది.

సంస్కృతపు 'కలా' కూడా ఉంది. మొదట అది చిన్న భాగం, చంద్రుడిలో పదహారో వంతు. విద్య, నేర్పు అనే అర్థమూ దానికి ఉంది. మనం దాన్ని ళకారంతో 'కళ' అని రాసుకుంటాం. పెళ్ళికళ, ముఖంలో కళ అని మన సొంతం చేసుకున్నాం. ఇది అరువు వచ్చిన మాట. నిద్రలో వచ్చే 'కల' మన సొంత మాట, తమిళుల 'కనవు'కూ కన్నడిగుల 'కనసు'కూ తోబుట్టువు.

ఇక దూరదేశాలకు వెళదాం. తుర్కీ భాషలో 'కల్' అంటే ఉండు. సెలవు తీసుకుని వెళ్ళేవాళ్ళు ఇంట్లో ఉండిపోయేవాళ్ళతో 'హోష్చా కల్' అంటారు, హాయిగా ఉండు అని. ఫిన్లాండులో 'కల' అంటే చేప. ఈ చేప దగ్గర కాసేపు ఆగాలి, మీ ప్రశ్నకు తాళం చెవి ఇక్కడే ఉంది.

హంగరీ భాషలో చేపను 'హల్' అంటారు. ఫిన్లాండుకూ హంగరీకీ మధ్య ఎన్నో దేశాలున్నాయి. కల, హల్ అనే రెండు మాటలు మాత్రమే చూపించి చుట్టాలంటే నేను ఒప్పుకోను. కానీ ఇంకా చూడండి. మూడును ఫిన్లాండు వాళ్ళు 'కోల్మె' అంటే హంగరీ వాళ్ళు 'హారొమ్' అంటారు. చనిపోవడానికి అక్కడ 'కువొల్లా', ఇక్కడ 'హల్'. వినడానికి అక్కడ 'కూల్లా', ఇక్కడ 'హల్ల్'. అక్కడ మాట మొదట కకారం ఉన్నచోట ఇక్కడ హకారం. ఒక్క మాటలో కాదు, వరసగా. ఇకార ఎకారాల వంటి అచ్చుల ముందు మాత్రం ఈ మార్పు రాదు. చేతిని అక్కడ 'క్యాసి' అంటే ఇక్కడా కకారంతోనే 'కేజ్' అంటారు. మార్పు ఎక్కడ వస్తుందో, ఎక్కడ రాదో ఇంత క్రమంగా చెప్పగలిగినప్పుడు అది కాకతాళీయం కాదు. ఆ రెండు భాషలూ ఒక తల్లి పిల్లలని పండితులు తేల్చింది ఇలాంటి వరసలతోనే.

మనకూ అలాంటి వరస ఉంది. పాలు, కన్నడంలో హాలు. పులి, అక్కడ హులి. పువ్వు, హూవు. పండు, హణ్ణు. మన పకారం ఉన్నచోట వాళ్ళకు హకారం. కన్నడ శాసనాల్లో పాతవి తీస్తే అక్కడా పకారమే ఉంటుంది, మార్పు తరవాత వచ్చింది. తెలుగు సంస్కృతం నుంచే పుట్టిందని కొందరు ఇంగ్లీషు పండితులు రాస్తున్న రోజుల్లో, మద్రాసులో ఉద్యోగం చేసిన ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ 1816లో తెలుగు, కన్నడ, తమిళ ధాతువులను పక్కపక్కన పేర్చి ఇవి వేరే కుటుంబమని చూపించాడు. క్యాంప్‌బెల్ రాసిన తెలుగు వ్యాకరణానికి ముందుమాటగా అది అచ్చయింది. ఆ పని మన భాషకు జరిగిన పెద్ద మేలని నేను నమ్ముతాను. మన భాష గొప్పదని ఊరికే అనలేదు, దాని వేళ్ళు ఎక్కడున్నాయో రుజువుతో చూపించాడు.

ఆ కుటుంబం ఎంత దూరం వెళ్ళిందో చూస్తారా? పాకిస్తాన్‌లోని బలూచిస్తాన్‌లో బ్రాహుయీ అనే భాష ఉంది. చుట్టూ ఉన్నవి బలూచీ, పష్తో, సింధీ. ఆ నడుమ బ్రాహుయీ వాళ్ళు రాయిని 'ఖల్' అంటారు. మొదటి అక్షరం గొంతును రాసుకుంటూ వస్తుంది. కన్ను వాళ్ళకు 'ఖన్'. కన్నడంలో 'కివి', మనకు చెవి, వాళ్ళకు 'ఖఫ్'. మళ్ళీ అదే వరస, మన కకారం స్థానంలో వాళ్ళ ఖకారం. ఓరుగల్లు లోని కల్లుకు అసలైన దూరపు బంధువు రోములో లేదు, క్వెట్టా చుట్టుపక్కల కొండల్లో ఉంది. దీన్ని మొదటిసారి చదివినప్పుడు నాకు కలిగిన ఆనందం మీకూ కలగాలని ఇంత దూరం తీసుకొచ్చాను.

ఇప్పుడు కాల్క్యులస్ చూద్దాం. మాటను దాని కీళ్ళ దగ్గరే విడదీయాలి. లాటిన్‌లో అది కల్క్, ఉలుస్ అని విడిపోతుంది. ఉలుస్ అంటే చిన్నది అని చెప్పే ప్రత్యయం. మిగిలిన ముక్క 'కల్' కాదు, 'కల్క్'. ఆ రెండో కకారం మూల మాటలో భాగం. తమిళ కల్ నుంచి వచ్చిందనేవాళ్ళు ఆ కకారం ఎక్కడిదో చెప్పాలి. లాటిన్ 'కల్క్స్' అంటే గులకరాయి, సున్నపురాయి. గ్రీకులో గులకరాయికి 'ఖలిక్స్' అనే మాట ఉంది, అక్కడా ఆ కకారం చివర ఉంది. దాని జాడ మధ్యధరా సముద్రం ఒడ్డునే దొరుకుతోంది. రోమన్లు గులకరాళ్ళు పేర్చి లెక్కలు వేసేవారు కాబట్టి కాల్క్యులస్ లెక్క అయింది, క్యాలిక్యులేటర్ కూడా అందులోంచే వచ్చింది. సున్నం నుంచి 1808లో హంఫ్రీ డేవీ వేరుచేసిన లోహానికి కాల్షియం అని పేరు పెట్టాడు. మీ బడిలో వాడే చాక్‌పీసులోని చాక్ కూడా ఆ కల్క్స్ మనవడే. పైగా కల్, కల్క్ తప్ప అలాంటి జత ఇంకొకటి చూపించమంటే ఆ సందేశం రాసినవారి దగ్గర ఉండదు. కన్నుకు, నీటికి, చేతికి లాటిన్‌లో మన మాటలతో కలిసే వరస లేదు. వరస లేని పోలిక పోలికే, చుట్టరికం కాదు.

తమిళానికిగానీ తెలుగుకుగానీ రోమన్ల సిఫారసు అక్కర్లేదు. ఆ సందేశం పంపిన స్నేహితుడితో తగవు పెట్టుకోకుండా రెండో కకారం గురించి అడగండి. అతనికీ ఆసక్తి పుట్టవచ్చు.

దసరాకు వచ్చేలోగా మీరొక పని చేయండి. బెంగళూరు వాళ్ళు మీ మేడ మీది వాళ్ళను అడిగి కన్నడ మాటలు, పుణె చిన్నది మరాఠీ మాటలు, హైదరాబాదు వాళ్ళు ఉర్దూ మాటలు రాసుకురండి. ఒంటి భాగాలు, పదిలోపు అంకెలు, నీరు, నిప్పు, రాయి, చెట్టు చాలు. ఇలాంటివి ఒక భాష ఇంకో భాష నుంచి అరువు తెచ్చుకోవడం తక్కువ, అందుకే వీటితో మొదలుపెట్టాలి. తెలుగు వరస నేను రాసి ఉంచుతాను. బరో, ఎమెనో కూర్చిన ద్రావిడ పదాల నిఘంటువును చికాగో విశ్వవిద్యాలయం వాళ్ళు ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టారు, ఎలా వెతకాలో వచ్చాక చూపిస్తాను. మాటను విన్నది విన్నట్టే రాయండి. లకారమో ళకారమో అనుమానం వస్తే ఇంకోసారి పలకమని అడగండి, ఎవరూ ఏమీ అనుకోరు.

ప్రేమతో,
మీ అమ్మమ్మ