లేఅవుట్ కింద వాగు: అమెరికాలో ఒక పర్మిట్ వెనక ఉన్న నూట పాతికేళ్ల తగవు

అమెరికాలో వాగు పక్కన ఇళ్లు కట్టబోయే బిల్డర్ దరఖాస్తు మీద వచ్చే పబ్లిక్ నోటీసు చదివితే, దాదాపు ఒకే రకం సంగతులు కనిపిస్తాయి. రోడ్డు కోసం ఇన్ని అడుగుల వాగును కల్వర్టులోకి మళ్లిస్తారు. ప్లాట్లు చదును చేయడానికి ఇన్ని అడుగులు పూడుస్తారు. దానికి బదులుగా అదే పరీవాహక ప్రాంతంలో మరోచోట బాగుచేసిన వాగు లెక్కన ఇన్ని క్రెడిట్లు కొంటారు. చుట్టుపక్కల వాళ్లు ఏమైనా చెప్పదలిస్తే ఫలానా తేదీలోగా రాసి పంపాలి. అంతే. అడుగులు, ఎకరాలు, తేదీలు.

ఈ లెక్కల వెనక ఒక పాత తగవు ఉంది. ఏ నీళ్లను పూడ్చాలంటే ప్రభుత్వాన్ని అడగాలి, ఏ నీళ్లు భూమి యజమాని ఇష్టం అన్నదే ఆ తగవు. దాన్ని మలుపు తిప్పిన పెద్ద కేసుల్లో చాలావరకు ఇళ్ల చుట్టూ నడిచినవే. నదుల కాలుష్యం అనగానే మనకు ఫ్యాక్టరీ గొట్టాలు గుర్తొస్తాయి కాబట్టి ఈ సంగతి చాలామందికి తెలియదు.

మొదట్లో పర్మిట్ పుట్టింది ఓడల కోసం. 1899 నాటి నదులు, రేవుల చట్టం ప్రకారం ఓడలు తిరిగే నీళ్లలో ఏది కట్టాలన్నా, తవ్వాలన్నా, పూడ్చాలన్నా సైన్యంలోని ఇంజనీర్ల విభాగమైన ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజనీర్స్ అనుమతి తీసుకోవాలి. దశాబ్దాల పాటు అధికారులు ముఖ్యంగా చూసింది ఓడల దారికి అడ్డమా కాదా అనే. చేపలేమవుతాయి, కొంగలేమవుతాయి అన్నది వాళ్ల ఫైల్లోకి వచ్చేది కాదు. ఎక్కడో ఎగువన చీలమండ లోతు పారే వాగైతే ఆ చట్టం కంటికి ఆనేదే కాదు.

ఆ పద్ధతి మారింది ఫ్లోరిడాలో. సెయింట్ పీటర్స్‌బర్గ్ దగ్గర బోకా సీగా అఖాతంలో తమ పేరున ఉన్న నీటి అడుగు భూమిని పూడ్చి ట్రైలర్ పార్కు, అంటే చక్రాల ఇళ్ల కాలనీ, పెట్టుకుంటామని జేబెల్, రస్సెల్ అనే ఇద్దరు యజమానులు దరఖాస్తు చేశారు. ఓడలకు ఏ అడ్డూ లేదని కోర్ కూడా ఒప్పుకుంది. అయినా 1967లో పర్మిట్ ఇవ్వలేదు. చేపలకు, వన్యప్రాణులకు నష్టం అని చెప్పింది. కింది కోర్టు యజమానుల వైపు తీర్పిచ్చింది. 1970లో ఐదో సర్క్యూట్ అప్పీల్ కోర్టు దాన్ని కొట్టేసి, పర్యావరణం చూసి పర్మిట్ నిరాకరించే హక్కు కోర్‌కు ఉందని చెప్పింది. ఇవాళ్టి సమీక్షకు అసలు పునాది పడింది అక్కడే అని నా అభిప్రాయం. సొంత భూమే అయినా, నీటి అడుగున ఉంటే అది పూర్తిగా సొంతం కాదన్న మాట ఒక కాలనీ దరఖాస్తు మీద తేలింది.

ఆ తీర్పుకు అటూ ఇటూ ఏళ్లలో చాలా జరిగింది. 1969 జూన్‌లో క్లీవ్‌లాండ్‌లోని కయహోగా నది మీద మంటలు లేచాయి. 1970 మొదటి రోజునే జాతీయ పర్యావరణ విధాన చట్టం మీద సంతకం పడింది, ఆ ఏడాది చివర్లో పర్యావరణ పరిరక్షణ సంస్థ ఈపీఏ ఏర్పడింది. 1972 అక్టోబరులో అధ్యక్షుడు నిక్సన్ వీటోను తోసిరాజని కాంగ్రెస్ స్వచ్ఛ జలాల చట్టం తెచ్చింది. అందులో రెండు సెక్షన్లు ఈ కథకు ముఖ్యం. 404 ప్రకారం నీళ్లలో మట్టి పోయాలంటే కోర్ పర్మిట్ ఉండాలి. ఆ పర్మిట్‌కు కొలబద్దలు రాసేది ఈపీఏ, అవసరమైతే వీటో చేసే అధికారమూ దానిదే. 401 ప్రకారం, ఫెడరల్ పర్మిట్ దేనికైనా ముందు రాష్ట్రం తన నీటి నాణ్యత ప్రమాణాలకు అది సరిపోతుందని సర్టిఫికెట్ ఇవ్వాలి. రాష్ట్రం కాదంటే పర్మిట్ లేనట్టే.

చట్టం ‘అమెరికా జలాలు’ అన్నది కానీ వాటి హద్దు ఎక్కడో చెప్పలేదు. కోర్ తన పాత అలవాటు కొద్దీ 1974లో ఓడలు తిరిగే నీళ్ల వరకే నిబంధనలు రాసుకుంది. పర్యావరణ సంఘాలు కోర్టుకెళ్లాయి. 1975 మార్చిలో వాషింగ్టన్‌లోని జిల్లా కోర్టు ఆ నిబంధనలు చెల్లవని, రాజ్యాంగం అనుమతించినంత మేర అన్ని నీళ్లకూ చట్టం వర్తిస్తుందని చెప్పింది. వాగులు పర్మిట్ పరిధిలోకి వచ్చింది అలా. కోర్‌కు ఈ బరువు మొదట్లో ఇష్టం లేదు. రైతు చెరువు లోతు చేసుకోవాలన్నా, పొలం దున్నుకోవాలన్నా ఇక ఫెడరల్ పర్మిట్ కావాల్సి రావచ్చని ఆ మే నెలలో పత్రికా ప్రకటన ఇచ్చింది. జనంలో కంగారు పుట్టింది. 1977లో కాంగ్రెస్ మధ్యేమార్గం చూసింది: మామూలు వ్యవసాయ పనులకు మినహాయింపు, నష్టం తక్కువ ఉండే పనులకు ఒక్కొక్కరూ విడిగా తీసుకోనక్కర్లేని ఉమ్మడి పర్మిట్లు.

ఈలోగా ఫ్లోరిడాలోనే మరో పెద్ద దెబ్బ తగిలింది. డెల్టోనా అనే కంపెనీ మార్కో ఐలాండ్‌లో మడ అడవులను తవ్వి, కాలువలు తీసి, ఆ మట్టితోనే ప్లాట్లు లేపుతూ వచ్చింది. పర్మిట్లు చేతికి రాకముందే చాలా ప్లాట్లు అమ్మేసింది. 1976లో కోర్ మిగిలిన మూడు భాగాల్లో రెండింటికి పర్మిట్ నిరాకరించింది. ప్లాట్లు కొన్నవాళ్లు ఏమైపోవాలి అన్న ప్రశ్న లేచింది. కంపెనీ నష్టపరిహారం అడిగింది, 1981లో ప్రభుత్వం మీద పరిహార దావాలు వినే కోర్ట్ ఆఫ్ క్లెయిమ్స్ కుదరదంది. ముందు పర్మిట్, తర్వాతే అమ్మకం అన్న జాగ్రత్త అమెరికా బిల్డర్లకు బాగా ఒంటపట్టింది ఆ దెబ్బతోనే అనుకుంటాను.

1980లో ఈపీఏ రాసిన మార్గదర్శకాలు ఇప్పటికీ సమీక్షకు వెన్నెముక. అందులో ఒక సూత్రం ఇళ్ల ప్రాజెక్టులకు సూటిగా తగులుతుంది. రేవు నీళ్ల పక్కనే ఉండాలి, పడవల జెట్టీ నీళ్లలోనే ఉండాలి. ఇల్లు నీళ్లలో ఉండాల్సిన పని లేదు. కాబట్టి ఇళ్ల కోసం చిత్తడి నేలనో, రాళ్ల మీద గలగలమంటూ మధ్యలో మడుగులు కట్టే వాగు భాగాన్నో పూడుస్తానంటే, అలా పూడ్చక్కర్లేని వేరే మార్గం ఉన్నట్టే అధికారి మొదట భావిస్తాడు. లేదని చూపించాల్సింది దరఖాస్తుదారే. అందుకే ఈ ఫైళ్లలో ఒకే లేఅవుట్‌కి నాలుగైదు నమూనాలు కనిపిస్తాయి: రోడ్డు పైకి జరిపితే ఎన్ని అడుగులు మిగులుతాయి, గొట్టం కల్వర్టు బదులు అడుగు లేని ఆర్చ్ పెడితే వాగు పడక అలాగే ఉంటుందా, రెండు వంతెనల బదులు ఒకటి చాలదా. నా దృష్టిలో ఈ మొత్తం విధానంలో విలువైన పని ఇదే. పర్మిట్ వచ్చినా రాకపోయినా, ఆ నమూనాలు గీయక తప్పనప్పుడు వాగు కొంతైనా మిగులుతుంది.

కాకపోతే చాలా ఇళ్ల ప్రాజెక్టులు ఈ పూర్తి సమీక్ష దాకా రావు. దేశమంతటికీ కలిపి ఇచ్చే ఉమ్మడి పర్మిట్ల కిందే వెళ్లిపోతాయి. వీటిలో 26వ నంబరుది ఒకప్పుడు ఎగువ వాగుల దగ్గర, విడిగా ఉన్న నీళ్లలో 10 ఎకరాల దాకా పూడ్చనిచ్చింది. 1996లో దాన్ని 3 ఎకరాలకు, 500 అడుగుల వాగుకు తగ్గించారు. 2000లో ఎత్తేశారు. ఇప్పుడు ఇళ్లకు వాడేది 29వ నంబరు. 1995లో అది ఒక కుటుంబం కట్టుకునే సొంత ఇంటి కోసం వచ్చింది, 2007లో మొత్తం కాలనీలకు విస్తరించింది. హద్దు అర ఎకరం, వాగు పడకైతే 300 అడుగులు. 2021లో ఆ 300 అడుగుల హద్దు తీసేశారు, అర ఎకరం మాత్రం మిగిలింది.

వినడానికి ఇది చిన్న సవరణే. లెక్క వేసి చూడాలి. అర ఎకరం అంటే 21,780 చదరపు అడుగులు. నాలుగు అడుగుల వెడల్పున్న వాగుకు అది 5,445 అడుగుల పొడవు, మైలు కంటే ఎక్కువ. నష్టం స్వల్పమేనని కోర్ అధికారి తేల్చాలన్న షరతు ఉంది, వాగు నష్టానికి ప్రత్యామ్నాయం అడగడానికి కొత్త నియమమూ చేర్చారు. కానీ వాగు బతికేది వెడల్పు మీద కాదు, పొడవు మీద. ఎంత సన్నటి వాగైతే అంత పొడవున పూడ్చనిచ్చే కొలత పెట్టడం నాకు తప్పుగానే కనిపిస్తుంది.

పూడ్చినదానికి బదులు అన్న ఆలోచన 1990లో కోర్, ఈపీఏ రాసుకున్న ఒప్పందంతో గట్టిపడింది. ముందు తప్పించు, తప్పకపోతే తగ్గించు, అప్పటికీ మిగిలిన నష్టానికే బదులివ్వు అన్నది దాని వరస. 2008 నిబంధన ఈ బదులును పద్ధతిగా మార్చింది. ఎవరో ఒక సంస్థ ముందే ఓ పాడైన వాగును బాగుచేసి క్రెడిట్లు సంపాదిస్తుంది, బిల్డర్ వాటిని కొంటాడు. అదే నిబంధన వాగులను తిరిగి తేవడం కష్టమైన వాటి జాబితాలో చేర్చింది. రెండూ ఒకే కాగితం మీద ఉన్నాయి. ఊట దగ్గర పుట్టి, రాళ్ల కింద పురుగులతో, నీడనిచ్చే చెట్లతో ఏళ్ల తరబడి కుదురుకున్న వాగుకు సమానమైనది మరోచోట అమ్మకానికి దొరుకుతుందని నేను నమ్మలేను.

సమీక్ష కొలవని నష్టం మరొకటుంది. 1994లో టామ్ షూలర్ అనే నిపుణుడు అప్పటికి వచ్చిన పరిశోధనలన్నీ కలిపి చూశాడు. పరీవాహక ప్రాంతంలో కప్పులు, రోడ్లు, పార్కింగ్ లాంటి నీళ్లింకని ఉపరితలం 10 శాతం దాటేసరికి వాగు దెబ్బతినడం మొదలవుతుందని, 25 శాతం దాటితే చాలా వరకు పాడైపోతుందని రాశాడు. కారణం కష్టమైనదేమీ కాదు. నేలలో ఇంకాల్సిన వాన ఒక్కసారిగా కాలువలోకి పడుతుంది, గట్లు కోసుకుపోతాయి, ఎండాకాలంలో ఊట తగ్గుతుంది. ఒక్క అడుగు కూడా పూడ్చని కాలనీ సైతం దిగువ వాగును ఇలా చంపగలదు. వాన నీటి పర్మిట్ వేరే సెక్షన్, చాలాచోట్ల వేరే ఆఫీసు. 404 ఫైల్లో లెక్కపెట్టేది ప్రధానంగా మట్టి పడిన చోటునే.

కోర్టుల్లో హద్దుల గొడవ ఆగలేదు. 1985లో మిషిగన్‌లోని రివర్‌సైడ్ బేవ్యూ హోమ్స్ కేసులో, ఇళ్ల కోసం 80 ఎకరాల చిత్తడి నేల పూడ్చబోయిన సంస్థకు వ్యతిరేకంగా సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తీర్పిచ్చింది. నీళ్లను ఆనుకున్న చిత్తడి కూడా చట్టం కిందికే వస్తుందంది. 2001లో విడి గుంటలు మాత్రం చట్టం కిందికి రావంది. 2006లో రపనోస్ కేసు, దానితో కలిపి విన్న కారబెల్ అపార్టుమెంట్ల కేసు వచ్చేసరికి కోర్టు మూడు ముక్కలైంది. దాదాపు ఎప్పుడూ పారే నీళ్లే లెక్క అని జస్టిస్ స్కాలియాతో కలిపి నలుగురు, పెద్ద నదితో గట్టి సంబంధముంటే చాలని జస్టిస్ కెనడీ ఒక్కడు, కోర్ చెప్పిందే సరి అని మిగిలిన నలుగురు. ఒక్కో విడి పర్మిట్‌కు సగటున 788 రోజులు, 2,71,596 డాలర్లు అవుతున్నాయన్న అధ్యయనాన్ని స్కాలియా అందులోనే ఎత్తి చూపాడు. బిల్డర్ల గోడు అబద్ధం కాదు. రెండేళ్లు వడ్డీ కట్టుకుంటూ ఎదురుచూడటం చిన్న కంపెనీకి నిజంగా భారమే.

ఆ తర్వాత ‘అమెరికా జలాలు’ అన్న మాటకు ప్రభుత్వం 2015లో ఒక నిర్వచనం, 2020లో దానికి ఎదురు నిర్వచనం ఇచ్చింది, 2021లో అదీ కోర్టులో రద్దు. 2023 మేలో సుప్రీంకోర్టు సాకెట్ తీర్పు వచ్చింది. ఇదీ ఇంటి కేసే. ఐడహోలోని ప్రీస్ట్ సరస్సు దగ్గర స్థలం కొని ఇల్లు కట్టబోయిన దంపతులకు 2007లో ఈపీఏ పని ఆపమని ఉత్తర్వు ఇవ్వడంతో మొదలైంది. కెనడీ కొలత పోయింది, స్కాలియా కొలత నిలిచింది.

దీంతో క్షేత్రంలో అధికారి వేసే మొదటి ప్రశ్న మారిపోయింది. వాగు ఎంతకాలం పారుతుందో తేల్చడం వాననాడు చూసి చెప్పే పని కాదు. ఉదాహరణకు నార్త్ కరొలైనా వాళ్లు వాగును మార్కుల పట్టీతో కొలుస్తారు. గట్టు, మడుగుల వరస స్పష్టంగా ఉన్నాయా, పడకలో సన్నటి వేళ్లు అల్లుకున్నాయా, ఎండుటాకులు పేరుకున్నాయా, రాయి తిప్పితే కింద పురుగులో నీటి రొయ్యలో ఉన్నాయా అని ఒక్కొక్కదానికీ మార్కులు వేస్తారు. 19 లేదా ఆపైన వస్తే కనీసం కొన్నాళ్లు పారే వాగు, 30 లేదా ఆపైన వస్తే ఏడాది పొడవునా పారేది. ఓపికగా, వంగి, చేతులు తడుపుకుని చేసే పని.

అలాస్కా కాకుండా చూస్తే, అమెరికా వాగుల పొడవులో దాదాపు 59 శాతం కొన్నాళ్లో, వాన పడ్డప్పుడో మాత్రమే పారేవని ఈపీఏ గతంలో లెక్కకట్టింది. వాన వాగులకు ఫెడరల్ పర్మిట్ అవసరం ఇప్పుడు చాలావరకు తొలగింది. కొన్నాళ్లు పారేవాటి సంగతి ‘దాదాపు ఎప్పుడూ’ అంటే ఎన్నాళ్లు అన్నదాని మీద వేలాడుతోంది. ఫెడరల్ పర్మిట్ లేకపోతే దానికి తగిలించి ఉన్న 401 సర్టిఫికెట్ కూడా ఉండదు, కోర్ నోటీసూ రాదు, దిగువ ఉన్నవాళ్లు రాసి పంపడానికి తేదీ కూడా ఉండదు. సొంత చట్టం ఉన్న రాష్ట్రాల్లో ఆ ఖాళీని రాష్ట్రమే నింపుతోంది. కాలిఫోర్నియాకు 1969 నుంచే తన నీటి చట్టం ఉంది. కొలరాడో 2024లో, సాకెట్ తీర్పు వదిలేసిన నీళ్ల కోసమే, పూడ్చే పనులకు తన సొంత పర్మిట్ పద్ధతి తెస్తూ చట్టం చేసింది. అలాంటి చట్టం లేని చోట, ఎండిన వాగు పడక మీద ఇళ్లు లేపేముందు బిల్డర్ నీళ్ల గురించి అడగాల్సింది ఎవరినైనా ఉంటే, అది ఊరి ప్లానింగ్ ఆఫీసునే.